సూర్యుడి వాటా

నేను ఒక గొడుగును. ఈ మాట వినగానే మీకు ఏ సామెత గుర్తొస్తుందో నాకు తెలుసు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. అది కాకపోతే, ఏ ఎండకా గొడుగు పట్టేవాడని ఎవరినో తిట్టడం. అల్పబుద్ధి మీది, గాలి ఎటు వీస్తే అటు ఒరిగే గుణం మీది, పేరు మాత్రం మాది. ఈ అన్యాయం గురించి మాట్లాడాలంటే ఒక రోజు చాలదు కాబట్టి వదిలేస్తాను. నా కథే చెబుతాను. ఆ రెండు సామెతలకూ సరిపోయే మనిషి ఒకడు అందులోనే ఉన్నాడు.

నేను మామూలు గొడుగును కాదు, నీడగల్లు రాజ్యపు శ్వేతచ్ఛత్రాన్ని. వెదురుపాడులో గొడుగుల పేరయ్య నన్ను చేశాడు. పదహారు వెదురు ఊచలు, చేవదేరిన తుమ్మకర్ర కాడ, తెల్లటి మందపాటి పట్టు, దాని మీద తేనెమైనం పూత. కాడ మీద పైకీ కిందికీ జారే కంచు కడియం ఒకటి. కడియం పైకి తోస్తే విచ్చుకుంటాను, కిందికి లాగితే ముడుచుకుంటాను. పనంతా అయ్యాక పేరయ్య దబ్బనం తీసుకుని, నా తొమ్మిదో ఊచ పక్కన పట్టులో కందిగింజంత చిల్లు పొడిచాడు. నాకు ఒళ్ళు మండింది. మూడు నెలలు కష్టపడి చేసిన పనిని ఎవడైనా చేతులారా పాడు చేసుకుంటాడా? చిల్లు చిరిగిపోకుండా చుట్టూ కాజా కుడుతూ అతను భార్యతో ఏదో చెబుతుంటే విన్నాను. ఎండ సూర్యుడి సొత్తట. ఆయన వాటా ఆయనకు వదలకుండా మొత్తం ఆపేసే గొడుగు ఏ ఇంటికీ మంచిది కాదట. వాళ్ళ తాతముత్తాతల నుంచీ ప్రతి గొడుక్కీ అలా ఒక చిల్లు పెడుతున్నారు.

ఆ చిల్లుకు నేను చాలా ఏళ్ళు సిగ్గుపడ్డాను. ఎవరూ చూడలేదు లెండి. గొడుగు లోపలివైపు చూడాలంటే దాని కిందికి వచ్చి తలెత్తాలి. రాజుల పక్కన నిలబడేవాళ్ళు తలెత్తరు. రాజులేమో కాళ్ళ మీద పడేవాళ్ళను చూసుకుంటూ ఉంటారు.

నీడగల్లు అన్న పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఊరి బయట ఒక నున్నటి పెద్ద బండ ఉంది, పాతమాటలో కల్లు. బారెడు పొద్దెక్కాక దాని మీద నిలబడితే మనిషి నీడ పొడుగ్గా పడుతుంది. అందరి నీడలూ వాళ్ళతోపాటే దిగి వెళ్ళిపోతాయి. రాజ్యం ఏలవలసిన వాళ్ళ నీడను మాత్రం ఆ బండ పట్టి ఉంచుకుంటుంది. మనిషి పక్కకు తప్పుకున్నా నీడ అక్కడే ఉంటుంది, వందల ఏళ్ళు. అలా పదిహేడు నీడలున్నాయి ఆ బండమీద. నిలబడేటప్పుడు పైన గొడుగు ఉండకూడదన్నది ఒక్కటే నియమం. ఏడాదికి మూడువందల అరవై రోజులు మమ్మల్ని నెత్తిన పెట్టుకుని తిరిగేవాళ్ళు, తాము ఎవరో తేల్చుకోవలసిన రోజున మమ్మల్ని పక్కన పెడతారు. ఇదీ మనుషుల కృతజ్ఞత.

నన్ను మొదట వాడింది మాలినీదేవి, ఆ బండమీద పదిహేడో నీడ. నాకు ఆవిడంటే ఇష్టం. మబ్బు పడితే చాలు, తనే కడియం లాగి నన్ను ముడిచి, చేతికర్రలా పొడుచుకుంటూ నడిచేది. ఆవిడ కూతురు కువలయ. నాలుగేళ్ళ పిల్ల నా కడియంతో ఆడుకునేది. పైకి తోయడం, కిందికి లాగడం, ఠక్కుమన్న చప్పుడుకు నవ్వడం. నా ఊచలు కదిలిపోతాయేమోనని నాకు భయంగా ఉండేది కానీ, నిజం చెప్పాలంటే ఆ ఆట నాకూ బాగుండేది.

కువలయకు ఏడో ఏట విషజ్వరం వచ్చి తల్లీ తండ్రీ ఒకే వారంలో పోయారు. తండ్రి తమ్ముడు శరభరాజు పిల్ల బాధ్యత తీసుకున్నాడు. అతను చేసిన మొదటి పని ఏమిటంటే, బారెడు పొద్దెక్కాక ఎవరూ లేకుండా చూసి వెళ్ళి బండమీద నిలబడటం. అతని వెంట నేనూ వెళ్ళాను, ముడిచి పక్కన పెట్టిన గొడుగుగా. నీడ పడింది. అతను ఒక అడుగు పక్కకు వేశాడు, నీడా వేసింది. మళ్ళీ నిలబడ్డాడు, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. నీడ కుక్కపిల్లలా అతని వెంటే దిగి వచ్చింది. పదహారేళ్ళు నిండే రోజున వారసురాలు బండ ఎక్కకపోతే సంరక్షకుడే జీవితాంతం ఏలాలన్నది ఆ రాజ్యపు పాత కట్టడి. ఆ దారి ఒక్కటే అతనికి మిగిలింది.

శరభరాజు కత్తి దూసే రకం కాదు. అతని ఆయుధం నోరు, ఆ నోట్లో చక్కెర. కడుపుతో ఉన్నప్పుడు నీ తల్లి గ్రహణం చూసింది తల్లీ, అని మొదలుపెట్టాడు. సూర్యుడు ఆ కోపం నీమీద పెట్టుకున్నాడట. ఎండ తగిలితే బూడిదైపోతావట. నీ పేరులోనే ఉంది చూడు, కలువపువ్వు ఎండకు ముడుచుకోదూ? అన్నాడు. ఏడేళ్ళ పిల్ల, అమ్మానాన్నలు పోయి నెల కాలేదు. నమ్మక ఏం చేస్తుంది? అంతఃపురంలో కొందరు ముసలివాళ్ళు మాత్రం నిన్నటిదాకా ఎండలో ఆడిన పిల్లకు ఇవాళ శాపమేమిటని గొణిగారు. అప్పుడు అతను అందరినీ పెరట్లోకి పిలిచి, పిల్ల కుడి అరచేతి వెనక చల్లదనానికని చందనం రాసి, ఒక్క క్షణం చెయ్యి నా నీడ దాటించి ఎండలో పెట్టమన్నాడు. మర్నాటికి చేతిమీద బొబ్బలు లేచాయి. శరభరాజు ఏడ్చాడు. తన చేత్తో వెన్న రాశాడు. మూడు రోజులు పిల్ల మంచం దగ్గరే కూర్చున్నాడు. ఆ చందనం కాస్త నల్లగా ఉండటం నేను చూశాను. చందనం నల్లగా ఎందుకుందని అడగడానికి నాకు నోరు లేదు.

ఆ రోజునుంచి తొమ్మిదేళ్ళపాటు నేను ముడుచుకోలేదు. అంతఃపురం గుమ్మం నుంచి కొలువుకూటం గుమ్మానికి నలభై రెండు అడుగులు. పొద్దున్నే ఆ నలభై రెండు అడుగులూ పిల్ల నా కింద నడిచి వెళ్ళి, తెర వెనక కూర్చుని, "చిన్నాన్నగారి మాటే నా మాట" అనాలి. మళ్ళీ నలభై రెండు అడుగులు నడిచి కిటికీలు మూసిన గదిలోకి వెళ్ళాలి. పైకి చూడకు, కళ్ళు పోతాయి అని శరభరాజు మరీ మరీ చెప్పాడు. అతను ఎప్పుడూ నాలుగడుగులు ముందు నడిచేవాడు. నా కిందికి రాలేదు, తలెత్తలేదు.

మొదటి రోజు నేను పడ్డ భయం మీకు చెప్పలేను. బొబ్బలు చూసి నేనూ నమ్మాను కదా. నాకేమో చిల్లు ఉంది. దానిలోంచి రేగుపండంత ఎండ గుండ్రంగా దిగి, పిల్ల భుజం మీద పడింది. అయిపోయింది, పేరయ్య చేసిన పనికి ఈ పసిది నా కిందే కాలిపోతుంది అనుకున్నాను. నలభై రెండు అడుగులు గడిచాయి. ఏమీ కాలేదు. మర్నాడు జడ మీద పడింది, ఆ తర్వాత మెడ మీద. ఏమీ కాలేదు. నెల తిరిగేసరికి నాకు నిజం తెలిసిపోయింది. ఆ రాజ్యంలో శరభరాజు తర్వాత ఆ నిజం తెలిసింది నాకొక్కడికే. తెలిసి కూడా తొమ్మిదేళ్ళు ఆ పిల్ల తలమీద మూతలా ఉన్నాను. శ్వేతచ్ఛత్రమని గొప్పలు చెప్పుకుంటున్నానే, ఆ తొమ్మిదేళ్ళూ నేను చెరసాల కప్పును. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా ఊచలు బిగుసుకుంటాయి.

పిల్లకు పదహారు నిండటానికి ఎనిమిది నెలల ముందు, నన్ను పట్టే ముసలి ఛత్రధారికి మోకాళ్ళు పడిపోయాయి. శరభరాజు కొత్తమనిషిని వెతికాడు. పెద్దింటివాళ్ళు వద్దు, వాళ్ళకు చుట్టాలుంటారు, చెవులుంటాయి. చివరికి కోట బట్టలుతికే ఇంటి ఆడపడుచు సుంకులక్కను తెచ్చిపెట్టాడు. నలభై ఏళ్ళ మనిషి, బలమైన చేతులు, మాట తక్కువ. నోరులేనిది, ఇంతకంటే ఏం కావాలని మురిసిపోయాడు. తెలివైనవాళ్ళు ఎప్పుడూ ఇలాగే చేస్తారు. అన్ని తలుపులూ వేసి, తాము వచ్చిన తలుపు వేయడం మరిచిపోతారు.

ఒక రోజు పెరట్లో కువలయ కాలి మువ్వ ఊడిపోయింది. తీసుకోవడానికి వంగి చెయ్యి చాపింది. ఆ చేతి మీద, సరిగ్గా పాత మచ్చ పక్కన, నా చిల్లులోంచి ఎండ పడింది. పిల్ల అక్కడే రాయిలా ఉండిపోయింది. శరభరాజు అప్పటికే కొలువుకూటం గుమ్మం దాటాడు.

"సుంకులక్కా, నేను చచ్చిపోతున్నానా?" అంది చిన్నగా.

సుంకులక్క ఆ వెలుగు చుక్క వైపు చూసింది, తలెత్తి నా చిల్లు వైపు చూసింది. ఇన్నేళ్ళలో నన్ను లోపలివైపు నుంచి చూసిన మొదటి మనిషి ఆమే. తర్వాత పిల్ల చెయ్యి పట్టుకుని మచ్చను బొటనవేలితో తడిమింది. మిగిలిన అడుగులు నడిపించింది. కొలువు ముగిసి గదిలోకి వచ్చి, నన్ను మూల నిలబెట్టాక అప్పుడు నోరు విప్పింది.

"ఇది ఎండమచ్చ కాదు అమ్మణ్ణీ, జీడిమచ్చ. బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి. దాని సొన తగిలితే బొబ్బ లేస్తాది. మా ఇంట్లో పుట్టినోళ్ళందరి చేతులకీ ఇట్లాంటిది ఉండాది." తన చెయ్యి చాపి చూపించింది. అదే ఆకారం, అదే నలుపు.

కువలయ సంతోషించిందనుకుంటున్నారా? కోపం తెచ్చుకుంది. ఆ రోజు చిన్నాన్నగారు ఏడ్చారని, మూడు రోజులు అన్నం తినలేదని, ఆయన గురించి ఇలా మాట్లాడితే శూలానికి కొరత వేయిస్తానని అంది. సుంకులక్క సరే అని తల ఊపింది. మనిషిని కొట్టి బంధించినవాడి నుంచి విడిపించవచ్చు. వెన్న రాసి బంధించినవాడి నుంచి ఎలా విడిపిస్తారు?

నాలుగు రోజులు పిల్ల సుంకులక్క ముఖం చూడలేదు. నడిచేటప్పుడు మాత్రం చేతిని నెమ్మదిగా చాపి, నా వెలుగు చుక్కకు అందించి, గబుక్కున వెనక్కి తీసుకునేది. ఐదో రోజు ఆ జీడిగింజ ఒకటి తెచ్చిపెట్టమంది. సుంకులక్క నడుముకొంగులో ముడివేసి తెచ్చింది. పట్టపగలే కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, గదిని చీకటి చేసుకున్నారు. సుంకులక్క తన చేతిమీద పెట్టి చూపిస్తానంది.

"నీ చేతిమీద పెడితే నీకు తెలుస్తుంది. నాకు తెలియాలి" అని కువలయ ఎడమ చెయ్యి చాపింది.

సొన ఒక చుక్క పెట్టారు. ఒంట్లో బాగోలేదని కబురు పంపి పిల్ల రెండు రోజులు గది దాటలేదు. చిన్న దీపం వెలుగులో ఆ చేతినే చూస్తూ కూర్చుంది. రెండో రోజు సాయంత్రానికి చుక్క ఉన్నచోట బొబ్బ లేచింది. ఎండ లేదు, సూర్యుడు లేడు, శాపం లేదు. కువలయ ఎడమచేతిని కుడిచేతి పక్కన పెట్టి చాలాసేపు చూసి, అప్పుడు ఏడ్చింది. అమ్మానాన్నలు పోయిన తర్వాత ఆ పిల్ల అంతగా ఏడవడం నేను చూడలేదు. ఉన్న ఒక్క బంధువూ ఆ సాయంత్రం పోయాడు మరి.

ఇప్పుడే పెరట్లోకి పరుగెత్తుదామని సుంకులక్క అనలేదు, పిల్లా అనలేదు. పెరట్లో ఉండేవాళ్ళంతా శరభరాజు మనుషులు. అక్కడ ఎండలో నిలబడితే చూసేవాళ్ళుండరు, మర్నాడు ఇంకో చందనం వస్తుంది. పదహారు నిండే రోజున ఆనవాయితీ ప్రకారం జనం ముందుకు తీసుకురాక తప్పదు. ఆ రోజు ఆమె బండ కిందికి వచ్చి, నేను ఎక్కలేను, చిన్నాన్నగారి మాటే నా మాట అని రాజముద్ర ఉంగరం అతని చేతిలో పెట్టాలని శరభరాజు అప్పటికే నేర్పించి ఉంచాడు. అంతవరకు ఆగాలనుకున్నారు. ఏడు నెలలకు పైగా ఆ పిల్ల రోజూ తెర వెనక కూర్చుని, గొంతు తొణక్కుండా ఆ మాట పలికింది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ చెయ్యి చాపి నా చుక్కను పట్టుకునేది. మొదట వణికేది. తర్వాత్తర్వాత వేళ్ళు విప్పి, అరచేయి తిప్పి, ఆడుకునేది. నా చిల్లును చూసి గర్వపడటం నేను ఆ రోజుల్లోనే నేర్చుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. బారెడు పొద్దెక్కింది. బండ చుట్టూ జనం ఒత్తుకుంటున్నారు. నా కింద కువలయ, కాడ పట్టుకుని సుంకులక్క, ముందు శరభరాజు. శాపగ్రస్తురాలైన తన బిడ్డ గురించి అతను చాలా బాగా మాట్లాడాడు. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. నాకే అయ్యో పాపం అనిపించింది, అంత బాగా మాట్లాడాడు. తర్వాత వెనక్కి తిరిగి, భయపడకు బంగారుతల్లీ, నేనున్నాను కదా, ఆ ఒక్క మాటా చెప్పు చాలు అన్నాడు.

కువలయ సుంకులక్క చేతిలోంచి నా కాడ తీసుకుంది. అరచేతికి చెమట పట్టి ఉంది. నిజం తెలియడం వేరు, తొమ్మిదేళ్ళ భయం వదలడం వేరు. శరభరాజుకు అనుమానం వచ్చి రెండంగల్లో దగ్గరికి వచ్చాడు. మొదటిసారి నా కిందికి వచ్చాడు. కాడ పట్టుకుని, చచ్చిపోతావే పిచ్చిదానా అన్నాడు, చక్కెర లేకుండా.

"చిన్నాన్నగారూ, ఈ గొడుగు తొమ్మిదేళ్ళుగా కారుతూనే ఉంది. ఒక్కసారి పైకి చూడండి" అంది కువలయ.

అతను చూశాడు. నేను చేయగలిగింది చేశాను. సూర్యుడి వాటాను సరిగ్గా అతని కంట్లో పోశాను. అతను కళ్ళు నలుపుకునేలోగా కువలయ చెయ్యి కడియం మీదికి వెళ్ళింది. నాలుగేళ్ళప్పుడు నేర్చిన ఆట అది, చేతులు మరిచిపోవు. కిందికి లాగింది. ఠక్కుమంది. తొమ్మిదేళ్ళ తర్వాత నేను ముడుచుకున్నాను. నా జీవితంలో నేను చేసిన గొప్ప పని ఏమిటని ఎవరైనా అడిగితే అదే చెబుతాను, ముడుచుకున్నాను.

ఎండ ఆ పిల్ల నుదుటి మీద, ముక్కు మీద, భుజాల మీద పడింది. కళ్ళు చికిలించుకుంటూ, నన్ను చేతికర్రలా పొడుచుకుంటూ తల్లి నడిచినట్టే నడిచి బండ ఎక్కింది. నిలబడింది. నీడ పొడుగ్గా పడింది. కాసేపు కదల్లేదు. తర్వాత ఒక అడుగు పక్కకు వేసింది. నీడ అక్కడే ఉంది. పద్దెనిమిదో నీడ. దాని చేతిలో ముడిచిన గొడుగు ఒకటి ఉంది. ఆ బండమీద ఉన్న ఒకే ఒక్క గొడుగును నేను. గొప్పలు చెబుతున్నానని అనుకుంటే వెళ్ళి చూసుకోండి.

శరభరాజు వెంటనే గొడుగు మార్చాడు. శాపం తీరింది, నా పూజలు ఫలించాయి అని అరిచాడు. కువలయ రెండు చేతులూ చాపి అతని ముందు పెట్టింది.

"ఇది మీరు ఎండలో చూపించి లేపిన బొబ్బ మచ్చ. ఇది నేను చీకట్లో నల్లజీడితో లేపుకున్నది. తేడా ఉంటే చెప్పండి" అంది.

అతను చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. కొరత వేయమని జనం అరిచారు. కువలయ ఒప్పుకోలేదు. చీకటి గదిలో పెట్టమని కూడా అనలేదు, ఆ గది ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఎక్కడికైనా వెళ్ళవచ్చు, వెంట ఎవరూ గొడుగు పట్టరు, అంతే అంది.

తర్వాత పేరయ్యను పిలిపించింది. తొంభై ఏళ్ళవాడు వచ్చి, చిల్లు చుట్టూ కాజా ఇంకా గట్టిగా ఉందా అని తడిమి చూసి, దాని కథ చెప్పాడు. సుంకులక్కను ఏం కావాలో కోరుకోమంటే, బండకు వెళ్ళే దారిలో చెట్టన్నది లేదు, ఒక చలివేంద్రం పెట్టుకుంటాను, నీడకు ఈ గొడుగు ఇవ్వండి అంది. ఇప్పుడు నేను అక్కడే ఉన్నాను. మైనం రాలిపోయింది, పట్టు పసుపెక్కింది. శ్వేతచ్ఛత్రానికి ఇదేం గతి అని దారినపోయేవాళ్ళు జాలిపడతారు. వాళ్ళకేం తెలుసు? నా కిందికి వచ్చినవాళ్ళు నీళ్ళు తాగుతారు, చెమట తుడుచుకుంటారు, వెళ్ళిపోతారు. వెళ్ళిపోవడమే నాకు నచ్చుతుంది. కువలయ కూడా అప్పుడప్పుడు వస్తుంది, నల్లబడిన ముఖంతో. దోసిట్లో నీళ్ళు పోయించుకుంటూ నా చుక్క ఆ నీళ్ళలో పడేలా నిలబడుతుంది.

పోయిన వేసవిలో ఒక ముసలివాడు వచ్చాడు. పాదాలు పగిలిపోయి ఉన్నాయి. ముందు నేను గుర్తుపట్టలేదు. నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, అలవాటు లేనివాడిలా మెల్లగా తలెత్తి నన్ను చూశాడు. శరభరాజు. సుంకులక్క ఎప్పుడు గుర్తుపట్టిందో తెలియదు, చెంబు మాత్రం రెండోసారి కూడా నింపింది.

"ఆ చిల్లు కుట్టించకూడదా?" అన్నాడు అతను.

"అది సూర్యుడి వాటా సామీ. దాని జోలికి పోకూడదు. నీళ్ళు తాగినారు గదా, ఇంక నడవండి" అంది సుంకులక్క.

అతను నా అంచు దగ్గర కాసేపు తటపటాయించాడు. ఆ తటపటాయింపు నాకు తెలుసు, తొమ్మిదేళ్ళు కువలయలో చూశాను. తర్వాత ఒక కాలు బయట పెట్టి, రెండో కాలూ పెట్టి, ఎండలో నడిచి వెళ్ళిపోయాడు. అతన్ని కూడా ఎండ ఏమీ చేయలేదు.